అతుకు కర్మాగారంలోనే వేయాలి
ప్రజాసేవల వెబ్ పేజీలు ఎవరి యంత్రంలో తయారుకావాలి? భిలాయి పట్టాలు చెప్పే జవాబు

భారత రైల్వేలో బ్రాడ్‌గేజ్ పట్టా ప్రామాణిక పొడవు చాలాకాలం 13 మీటర్లు. ఆ లెక్కన 260 మీటర్ల దారికి ఒక్కో వరుసలో 20 ముక్కలు కావాలి, వాటి మధ్య 19 అతుకులు పడాలి. ఎండలో, వానలో, రెండు రైళ్ల మధ్య దొరికిన కాస్త వ్యవధిలో వేసే అతుకు ఎంత నేర్పుగా వేసినా దారిలో బలహీనమైన చోటుగానే మిగులుతుంది. దారి పక్కన థర్మిట్ పద్ధతిలో వేసిన అతుకు కంటే, కర్మాగారంలో యంత్రంతో ఫ్లాష్ బట్ పద్ధతిలో వేసిన అతుకే నమ్మకమైనదని రైల్వే ఇంజినీర్లకు అనుభవం నేర్పింది. అందుకే ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం 130 మీటర్ల ఏకఖండ పట్టాలను తయారుచేసి, వాటిని అక్కడే అతికి, 260 మీటర్ల పట్టాలుగా రైల్వేకు పంపుతోంది. మీటరుకు 60 కిలోల చొప్పున అలాంటి పట్టా ఒక్కొక్కటి 15.6 టన్నులు. దాన్ని ఎక్కించడం, మోయడం, దించడం అన్నీ కష్టమే. అయినా ఆ కష్టం పడటమే మేలనుకున్నారు. ఎందుకంటే 19 అతుకుల స్థానంలో ఒక్కటే మిగిలింది, ఆ ఒక్కటి కూడా కర్మాగారం కప్పు కింద, పరీక్షా పరికరాల ముందు పడుతోంది.

దీని వెనుక ఉన్న సూత్రం చిన్నదే. పనిముట్లూ నైపుణ్యమూ ఎక్కడ ఉన్నాయో కష్టమైన పని అక్కడే ముగియాలి. చివరి మనిషి దగ్గరికి వీలైనంత పూర్తయిన వస్తువే చేరాలి.

ఉక్కు విషయంలో ఎవరూ కాదనని ఈ సూత్రాన్ని వెబ్ సేవల విషయంలో మాత్రం పదిహేనేళ్లుగా తలకిందులు చేస్తూ వస్తున్నారు. ధ్రువపత్రం కోసం దరఖాస్తు, ఆసుపత్రి ఓపీ నమోదు, పింఛను స్థితి, అప్రెంటిస్ నియామక ప్రకటన వంటి సాదాసీదా పేజీలను కూడా సర్వర్‌లో పూర్తిచేసి పంపకుండా, విడిభాగాలుగా పంపి పౌరుడి ఫోన్‌లో అతికించుకోమంటున్నారు. ఫోన్ పాతదైనా, సిగ్నల్ బలహీనమైనా అతుకు ఊడిపోతుంది. ప్రజాసేవల పేజీలను సర్వర్‌లోనే పూర్తిగా తయారుచేయడం, అందుకు ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్కులను వాడటం సాధారణ నియమం కావాలి. ఫోన్ మీద భారం మోపే పద్ధతి కారణం చూపి తీసుకునే మినహాయింపుగా ఉండాలి.

ఒలిచిన పండు, ఒలవని పండు

వెబ్ పేజీ తెర మీదికి రావడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటి దారిలో, ఫోన్‌లోని బ్రౌజర్ ఒక పేజీ కావాలని అడుగుతుంది. సర్వర్ తన డేటాబేస్‌లో వెతికి, కావలసిన వివరాలు తీసి, వాటిని ఒక అచ్చులో పోసి, హెచ్‌టీఎంఎల్ అనే రూపంలో సిద్ధంచేసి పంపుతుంది. బ్రౌజర్ దాన్ని అందుకుంటూనే చూపించడం మొదలుపెడుతుంది. పేజీ సగం వచ్చాక సిగ్నల్ పోయినా, వచ్చిన సగం చదువుకోవచ్చు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అన్నమాట.

రెండో దారిలో సర్వర్ ముందుగా దాదాపు ఖాళీ పేజీని పంపుతుంది. దాని వెంట పెద్ద జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ వస్తుంది. ఫోన్ ఆ ప్రోగ్రామ్‌ను మొత్తం దించుకోవాలి, చదివి అర్థం చేసుకోవాలి, నడపాలి. ఆ ప్రోగ్రామ్ మళ్లీ సర్వర్‌ను వివరాలు అడగాలి. అవి వచ్చాక పేజీని ఫోన్‌లోనే నిర్మించాలి. ఇందులో ఏ మెట్టు దగ్గర తప్పినా తెర మీద మిగిలేది తెల్లటి ఖాళీ, లేదా గిరగిరా తిరిగే చక్రం. వండి వడ్డించడానికీ, బియ్యం, పప్పు, పొయ్యి చేతికిచ్చి వండుకోమనడానికీ ఉన్న తేడా ఇది. పొయ్యి మంచిదైతే అన్నం ఉడుకుతుంది. కాకపోతే పస్తే.

వెబ్ మొదట పుట్టింది మొదటి దారిలోనే. సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ ఉద్దేశమే ఏ యంత్రం మీదైనా చదవగలిగే పత్రాలు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీ, సర్వర్‌లో పేజీలు అల్లే పనిని సామాన్య ప్రోగ్రామర్‌కూ అందుబాటులోకి తెచ్చింది. 2004 జులైలో డేవిడ్ హైన్మియర్ హాన్సన్ ‘రూబీ ఆన్ రైల్స్’ను, 2005 జులైలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు లారెన్స్ జర్నల్-వరల్డ్ పత్రిక కార్యాలయం నుంచి ఆడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ మొదలుపెట్టిన ‘జాంగో’ను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. రైల్స్ ఒక వ్యాపార సంస్థ రోజువారీ పనిలోంచి పుట్టింది. జాంగో గడువు దాటితే వార్త చల్లారిపోయే పత్రికా కార్యాలయంలో పుట్టింది. రెండూ ఊహల్లోంచి కాక, వాడకంలోంచి వచ్చిన పనిముట్లు.

అదే కాలంలో మరో ధార బయలుదేరింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చి, పేజీ మొత్తం మారకుండానే తెర మీద బొమ్మ కదలడం ఎలాగో చూపించాయి. 2010లో యాంగులర్‌జేఎస్, 2013లో రియాక్ట్ వచ్చాక, పేజీ నిర్మాణమంతా బ్రౌజర్‌లోనే జరిపించడం ఫ్యాషన్ అయింది. మ్యాప్‌కు అవసరమైనది నోటీసు బోర్డుకూ అవసరమనే భ్రమ అక్కడే మొదలైంది.

ఫ్రేమ్‌వర్క్ చేసే పని

రైల్స్ అనే పేరుకు అర్థం పట్టాలే. ఆ పోలిక పేరుతోనే ఆగిపోదు. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం దేశమంతా 1,676 మిల్లీమీటర్లే అని ముందే ఒప్పుకున్నారు కాబట్టి, ఏ కర్మాగారంలో తయారైన పెట్టె అయినా ఏ ఊరికైనా వెళ్తుంది. పెట్టె తయారుచేసేవాడు ప్రతిసారీ ‘చక్రాలు ఎంత ఎడంగా పెట్టాలి?’ అని ఆలోచించనక్కరలేదు. రైల్స్ ఫ్రేమ్‌వర్క్ మూలసూత్రం కూడా ఇదే: ప్రతి చిన్న విషయాన్నీ విడిగా నిర్ణయించే బదులు, ముందే ఒప్పుకున్న అలవాట్లను పాటించడం. ప్రోగ్రామ్‌లో ఒక అంశానికి ఏకవచనంలో ‘ఆర్టికల్’ అని పేరుపెడితే, డేటాబేస్‌లో దాని పట్టిక పేరు బహువచనంలో ‘ఆర్టికల్స్’ అని ఫ్రేమ్‌వర్క్ తనంతట తానే గుర్తిస్తుంది. ఏ ఫైలు ఎక్కడ ఉండాలో కూడా ముందే తెలుసు. ఒక రైల్స్ ప్రాజెక్టులో పనిచేసినవారు ఇంకో ప్రాజెక్టులోకి వెళ్తే దారి తప్పరు.

ఒక ఊహాజనిత ఓపీ నమోదు పేజీని తీసుకుంటే ఫ్రేమ్‌వర్క్ లోపలి పని స్పష్టమవుతుంది. రోగి తరఫువారు ‘రేపటి సమయాలు’ అనే లింకు నొక్కుతారు. సర్వర్‌లోని దారిచూపే భాగం ఆ చిరునామాను చూసి ఏ కోడ్‌కు అప్పగించాలో తేలుస్తుంది. ఆ కోడ్ డేటాబేస్‌ను అడిగి, ఖాళీగా ఉన్న సమయాలను తెస్తుంది. టెంప్లేట్ అనే అచ్చు వాటిని పేజీగా మారుస్తుంది. పూర్తయిన పేజీ ఫోన్‌కు చేరుతుంది. పేరు, వయసు నింపి ‘పంపు’ నొక్కితే ఆ సమాచారం అదే దారిలో వెనక్కి వచ్చి, సరిచూపు జరిగాక నమోదవుతుంది. తప్పుంటే, ఏ గడిలో తప్పుందో చెబుతూ అదే ఫారం తిరిగి వస్తుంది. ఫారం నింపి పంపడం బ్రౌజర్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. దానికి జావాస్క్రిప్ట్ అక్కరలేదు.

భద్రతలోనూ ఈ ముందస్తు ఒప్పందాలు పనికొస్తాయి. పేరు రాయాల్సిన గడిలో ఎవరైనా దురుద్దేశంతో ప్రోగ్రామ్ ముక్క రాస్తే, రైల్స్, జాంగో టెంప్లేట్లు దాన్ని నడిపించకుండా ఉత్త అక్షరాలుగా చూపిస్తాయి. డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నలో వాడుకరి రాసిన మాటలు ఆదేశాలుగా మారకుండా విడిగా పంపుతాయి. వేరే సైటు నుంచి దొంగచాటుగా ఫారం పంపకుండా రహస్య గుర్తు జతచేస్తాయి. చిన్న ఊరి చిన్న బృందానికి విడిగా భద్రతా నిపుణులు ఉండరు. వారికి ఈ రక్షణలు అడగకుండానే దొరకడం పెద్ద అండ. వాటిని పక్కనపెట్టి సొంత దారి తొక్కితే మాత్రం ఏ ఫ్రేమ్‌వర్కూ కాపాడలేదు.

చివరి మైలు లెక్క

తెలుగు అక్షరాలను యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘భిలాయి’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. ఒక నిండు పేజీ నోటీసులో 2,000 సంకేతాలున్నాయనుకుంటే మొత్తం 6,000 బైట్లు. పేజీ అమరిక, రంగులు, మెనూ అన్నీ కలిపినా 30 కిలోబైట్లలో సుఖంగా సరిపోతుంది. సెకనుకు 2 లక్షల బిట్లు మాత్రమే అందే బలహీనమైన కనెక్షన్‌పై ఇది సుమారు 1.2 సెకన్లలో చేరుతుంది. అదే నోటీసు ముందు 1 మెగాబైట్ జావాస్క్రిప్ట్ వెళ్లాలంటే, 80 లక్షల బిట్లకు అదే కనెక్షన్‌పై 40 సెకన్లు. ఆ తర్వాత దాన్ని నడపడానికి ఫోన్ ప్రాసెసర్ పడే కష్టం వేరు. నోటీసులోని సంగతి రెండు సందర్భాల్లోనూ ఆ 6,000 బైట్లే.

వేగం ఒక్కటే సమస్య అయితే 5జీ వచ్చాక తీరిపోతుందనుకోవచ్చు. కానీ 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సేవల విభాగం జీవోవీ డాట్ యూకే సైటులో ఒక పరీక్ష చేసింది. 5 లక్షలకు పైగా సందర్శనలను పరిశీలిస్తే, 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ మెరుగులు అందలేదని తేలింది. వారిలో జావాస్క్రిప్ట్‌ను కావాలని ఆపుకున్నవారు, దాన్ని నడపలేని బ్రౌజర్ వాడేవారు కలిసి 0.2 శాతమే. మిగిలిన 0.9 శాతం మంది బ్రౌజర్లు దాన్ని నడపగలవు, అయినా నడవలేదు. మధ్యలో కనెక్షన్ తెగి ఉండవచ్చు, కార్యాలయ నెట్‌వర్క్ అడ్డుకుని ఉండవచ్చు, ఫైలు సగమే చేరి ఉండవచ్చు. బ్రిటన్ అంకెను యథాతథంగా ఛత్తీస్‌గఢ్‌కు అంటగట్టడం సరికాదు. కానీ అది నేర్పే విషయం ఏ దేశానికైనా ఒకటే. విఫలమయ్యేది ఎప్పుడూ అదే పాత ఫోన్ కాదు. మంచి ఫోన్‌కూ ఏదో ఒక రోజు ఆ వైఫల్యం ఎదురవుతుంది. లక్ష మంది వచ్చే సేవలో 1.1 శాతమంటే 1,100 మంది. దుకాణానికైతే వారు పోయిన బేరం. ప్రభుత్వ సేవకు అలా వదులుకునే హక్కు లేదు. పౌరుడికి పక్క దుకాణం ఉండదు.

భిలాయిలో ఈ మాటకు మరింత బరువుంది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటి నుంచి ఇది వలసల ఊరు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ పెద్దసంఖ్యలో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దుర్గ్-భిలాయి నగర ప్రాంతంలో 10.64 లక్షల మంది నివసించారు. ఈ జనాభాలో టౌన్‌షిప్ సెక్టార్ల క్వార్టర్లలో ఉండే శాశ్వత ఉద్యోగులున్నారు, చుట్టుపక్కల బస్తీల్లో ఉండే కాంట్రాక్టు కార్మికులున్నారు, పదవీ విరమణ చేసినవారున్నారు. శ్రీకాకుళంలో కాస్త పొలం ఉన్న భిలాయి తెలుగు కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ‘మీ భూమి’ సైటూ కావాలి, ఛత్తీస్‌గఢ్ సేవల సైట్లూ కావాలి. మనిషి ఒక రాష్ట్రంలో, కాగితం మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు కార్యాలయానికి వెళ్లి అడిగే వీలుండదు. వెబ్ పేజీయే ఆ కార్యాలయపు కిటికీ. ఆ కిటికీ తెరుచుకోకపోతే మిగిలేది చాయిస్ సెంటర్‌కో, నెట్ సెంటర్‌కో వెళ్లి రుసుము చెల్లించి ఇంకొకరి చేత చేయించుకోవడం. లేదా ఒక రోజు కూలి వదులుకుని ప్రయాణించడం. సర్వర్‌లో మిగిల్చిన కాస్త పని ఖర్చు ఆ కూలీ జేబులోంచి వెళ్తుంది. ఏ ప్రాజెక్టు ఖర్చుల పట్టికలోనూ అది కనబడదు.

నమూనా చిత్రాలు ఎవరి చేతిలో

సర్వర్‌లో పేజీ తయారుచేయడం ఒక సగం. ఆ తయారీ పద్ధతి ఎవరి సొత్తు అన్నది రెండో సగం. భిలాయి చరిత్రే ఇక్కడ మంచి పాఠం. తొలి కర్మాగారం సోవియట్ సాంకేతికతతో, ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైంది. 1967 నాటికి 25 లక్షలకు, 1988 నాటికి 40 లక్షలకు పెరిగింది. యంత్రాలు తెచ్చుకుని తలుపులు వేసుకుని ఉంటే ఆ పెరుగుదల సాధ్యమయ్యేది కాదు. భారతీయ ఇంజినీర్లు శిక్షణ పొందారు, నమూనా చిత్రాలు చదివారు, విప్పారు, బిగించారు. 1959లో హిందుస్థాన్ స్టీల్ రాంచీలో పెట్టుకున్న డిజైన్ విభాగమే 1973లో మెకాన్ సంస్థ అయింది. లోపలి సంగతి తెలిసినవారి చేతిలోనే యంత్రం బతుకుతుంది.

ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్ నమూనా చిత్రాలు చేతిలో ఉండటం. రైల్స్ ఎంఐటీ లైసెన్సు కింద, జాంగో బీఎస్‌డీ లైసెన్సు కింద లభిస్తాయి. ఎవరైనా వాడవచ్చు, మార్చుకోవచ్చు, అనుమతి అడగకుండా ఇంకొకరికి ఇవ్వవచ్చు. కట్టిన సంస్థతో ఒప్పందం ముగిసినా, వేరే ఊరి మరో బృందం ఆ కోడ్ తెరిచి పని కొనసాగించవచ్చు. జాంగోలో తెలుగు అనువాద ఫైలు కూడా ఉంది. ‘ఈ గడి తప్పనిసరి’ వంటి హెచ్చరికల తెలుగు మాట బాగాలేదనిపిస్తే, తెలుగు తెలిసినవారే దాన్ని సరిచేసి పంపవచ్చు. మూసిన సాఫ్ట్‌వేర్‌లో అలాంటి అవకాశం అమ్మినవారి దయ మీద ఆధారపడుతుంది.

ఇది కేవలం ఆదర్శం కాదు. కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానం ప్రకటించింది. ప్రభుత్వ సంస్థలు మూసిన సాఫ్ట్‌వేర్ కంటే ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలనీ, దాన్ని పక్కనపెడితే కారణం చెప్పాలనీ ఆ విధానం సారాంశం. ఆంధ్రప్రదేశ్‌లోని 110 పట్టణ స్థానిక సంస్థల్లో ఆస్తిపన్ను, నీటి పన్ను వంటి సేవల కోసం ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ రూపొందించిన వ్యవస్థ జావా ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్కుల మీద కట్టినదే. దాని కోడ్‌ను కూడా జీపీఎల్ లైసెన్సు కింద బహిరంగంగా ఉంచారు. ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గరి గనియారీ గ్రామంలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఇంకో ఉదాహరణ. థాట్‌వర్క్స్ సంస్థ ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ఓపెన్‌ఈఎల్‌ఐఎస్, ఓడూ అనే మూడు ఓపెన్ సోర్స్ వ్యవస్థలను కలిపి రూపొందించిన ‘బాహ్మ్ని’ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మొదట వాడుకలోకి వచ్చింది ఈ గ్రామీణ ఆసుపత్రిలోనే. అక్కడి నుంచి అది ఇతర దేశాల ఆసుపత్రులకూ వెళ్లింది. ఛత్తీస్‌గఢ్ పల్లెలో తేలిన అవసరం ప్రపంచానికి పనికొచ్చే పనిముట్టుగా మారడానికి కోడ్ తెరిచి ఉండటమే దారి వేసింది.

అభ్యంతరాలు, వాటి బరువు

అదే బాహ్మ్ని మరో విషయం కూడా చెబుతుంది. అందులో వైద్యులు వాడే తెరలు బ్రౌజర్‌లో నడిచే యాంగులర్‌జేఎస్‌తో కట్టినవి. రోజంతా ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని, వరుసగా రోగులను చూస్తూ, మందులు, పరీక్షలు, పాత వివరాలు వెంటవెంటనే మార్చుకునే వైద్యుడికి అది తగినదే. ప్రోగ్రామ్ ఒకసారి దిగితే రోజంతా పనికొస్తుంది. మ్యాపులు, బొమ్మలు గీసే పనిముట్లు, నెట్‌వర్క్ అసలే లేని అడవి పల్లెల్లో వివరాలు సేకరించే ఆరోగ్య కార్యకర్తల యాప్‌లు కూడా ఇలాంటివే. సిగ్నల్ లేనిచోట సర్వర్ మీద ఆధారపడిన పేజీ నిస్సహాయంగా నిలబడిపోతుంది. ఈ లోపాన్ని దాచడం నిజాయితీ కాదు. కానీ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక ఫారం నింపే పౌరుడు వైద్యుడిలా రోజంతా ఆ పేజీ ముందు కూర్చోడు. అతడికి ప్రతి రాక మొదటి రాకే. ప్రతిసారీ మొత్తం సరంజామా మోయించడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం సర్వర్ భారం. నియామక ఫలితాల రోజు లక్షల మంది ఒక్కసారిగా వస్తే, అన్ని పేజీలూ తయారుచేయలేక సర్వర్ కుప్పకూలుతుందని అంటారు. నిజానికి ఫలితాల ప్రకటన అందరికీ ఒకటే. ఒకసారి తయారుచేసి దాచిపెట్టి, లక్ష సార్లు అందించవచ్చు. ఎవరి వివరాలు వారికి చూపాల్సిన పేజీల్లోనూ, డేటాబేస్‌లో వెతికే భారం రెండు పద్ధతుల్లోనూ సర్వర్‌దే. ఆ వివరాలను హెచ్‌టీఎంఎల్ అచ్చులో పోయడం సాధారణంగా దానికంటే చిన్న పని. ఆ చిన్న పనిని ఫోన్‌కు నెట్టడం వల్ల సర్వర్‌కు మిగిలేది తక్కువ, ఫోన్‌కు పెరిగేది ఎక్కువ.

మూడోది, నొక్కిన ప్రతిసారీ పేజీ మొత్తం మారడం పాతకాలపు అనుభవమనేది. దీనికి జవాబు ఇప్పటికే ఉంది. 2020లో వచ్చిన హెచ్‌టీఎంఎక్స్, అదే ఏడాది రైల్స్ బృందం తెచ్చిన హాట్‌వైర్, సర్వర్‌లో తయారైన చిన్న పేజీ ముక్కను తెచ్చి తెర మీద కావలసిన చోట మాత్రమే మారుస్తాయి. రియాక్ట్ లోకం కూడా 2016లో నెక్స్ట్ డాట్ జేఎస్ వచ్చినప్పటి నుంచి పేజీలను సర్వర్‌లో తయారుచేసే దిశగా నడుస్తోంది. ముందు జావాస్క్రిప్ట్ లేకుండా పనిచేసే పునాది వేసి, తర్వాత మెరుగులు దిద్దితే, మెరుగులు ఊడినా ఇల్లు నిలుస్తుంది.

నాలుగోది నిర్వహణ, అన్నిటికంటే గట్టిది. ఓపెన్ సోర్స్ ఉచితం కాబట్టి పెట్టి మరిచిపోవచ్చనుకుంటే ముప్పు తప్పదు. జాంగోలో దీర్ఘకాలిక మద్దతు వెర్షన్లకు కూడా భద్రతా సవరణలు అందేది మూడేళ్లే. ఆ తర్వాత కొత్త వెర్షన్‌కు మారాలి. భిలాయికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుకల పొర అరిగిపోతుందనీ, కొన్నేళ్లకోసారి ఆపి కొత్త పొర వేయాలనీ తెలిసే కర్మాగారం నడుస్తోంది. ఫర్నేస్ కట్టిన రోజే మరమ్మతుకు లెక్క వేస్తారు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ప్రారంభోత్సవానికే డబ్బు కేటాయించి, మరమ్మతును దేవుడికి వదిలేయడం సరికాదు.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. సర్వర్‌లో తయారైనంత మాత్రాన పేజీ తేలికైపోదు. నోటీసును స్కాన్ చేసి పెద్ద బొమ్మగా పెట్టినా, పేజీ నిండా కదిలే ఫొటోలు నింపినా పాత కష్టం మళ్లీ మొదటికే వస్తుంది. స్కాన్ బొమ్మను చూపులేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు, వెతుకులాటలో అది దొరకదు. ఫ్రేమ్‌వర్క్ దారి మాత్రమే వేస్తుంది. ఆ దారిలో ఏం మోయాలన్నది మనుషుల నిర్ణయం.

భిలాయిలో చేయగలిగినది

ఈ మార్పుకు కొత్త చట్టాలు అక్కరలేదు. టెండరు కాగితంలో మూడు షరతులు చాలు. ఒకటి, జావాస్క్రిప్ట్ ఆపేసినా పేజీలోని ముఖ్య విషయం చదవగలగాలి, ఫారం పంపగలగాలి. రెండు, తక్కువ ధర ఫోన్‌లో, సెకనుకు 2 లక్షల బిట్ల వేగంతో పేజీని తెరిచి చూపించి, ఎన్ని సెకన్లలో మొదటి వాక్యం చదవడానికి వీలైందో నమోదు చేయాలి. మూడు, సోర్స్ కోడ్, డేటాబేస్ నిర్మాణ వివరాలు, వెర్షన్ మార్పుల బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా అప్పగించాలి. పట్టాను లోపాల కోసం అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించకుండా పంపని ఊరికి, పేజీని పరీక్షించాకే జనంలోకి వదలాలనడం వింత కోరిక కాదు.

మనుషుల కొరత కూడా లేదు. 2016లో మొదలైన ఐఐటీ భిలాయి, 2005లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. వాటితోపాటు చుట్టూ ఉన్న కళాశాలల విద్యార్థుల్లో చాలామంది వెబ్ ప్రాజెక్టు చేసే పట్టా పొందుతారు. ఆ ప్రాజెక్టు మరో షాపింగ్ సైటు నకలు కావడం కంటే, సొంత ఊరి సేవ ఒకటి కావచ్చు. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతి, హెచ్‌టీఎంఎల్ ఫారం, డేటాబేస్ ముందు నేర్చుకుని, ఆ తర్వాత రైల్స్ లేదా జాంగోలో హిందీ, తెలుగు భాషలు రెండింటిలో నడిచే చిన్న సేవ కడితే, విద్యార్థికి ఫ్యాషన్‌తో పాతబడని పునాది దొరుకుతుంది. రెండు దశాబ్దాల్లో బ్రౌజర్ ఫ్రేమ్‌వర్కులు ఎన్నో వచ్చాయి, ఎన్నో పోయాయి. 1990ల నాటి హెచ్‌టీఎంఎల్ పేజీ మాత్రం నేటి బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది.

సాంకేతిక ఎంపికల చర్చ సాధారణంగా ఇంజినీర్ల సౌలభ్యం చుట్టూ తిరుగుతుంది. ఏది వేగంగా కట్టవచ్చు, ఏ భాషకు ఉద్యోగాలు ఎక్కువ, ఏది కొత్తది అన్నవే ప్రశ్నలు. ప్రజాసేవ విషయంలో ఆ ప్రశ్నలకు ముందు మరొకటి రావాలి: పేజీ తయారీలో కష్టం ఎవరి భుజాన పడుతోంది? సర్వర్ గదిలో కరెంటు, శీతలీకరణ, నెట్‌వర్క్, జీతం తీసుకునే నిపుణులు ఉన్నారు. రాత్రి షిఫ్టు ముగించుకుని బస్తీలో పగిలిన తెర మీద అప్రెంటిస్ ఫారం తెరిచే కాంట్రాక్టు కార్మికుడి కొడుకు దగ్గర అవేవీ లేవు. ఫారం గడువు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆ ఫారం అతడికి పూర్తయిన రూపంలో చేరాలి. అతికే పని సర్వర్‌లోనే ముగియాలి.